పాలిచ్చే గేదె తన్నులు

పోయిన నెల ఈ పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాటవరసకి రెండు ముక్కలు రాశాను. దాని ఫలితం ఇది. వచ్చిన మెయిళ్ళలో సగం ట్రేడ్‌ల (జట్లు ఆటగాళ్ళని మార్చుకోవడం) గురించి, సగం ఆటగాళ్ళ కేసుల గురించి, ఒకటి మాత్రం నా చేతిరాత బాగాలేదని (మెయిల్‌లో చేతిరాత ఎలా కనిపించిందో ఆ పెద్దమనిషికే తెలియాలి). సరే, ఈ నెల పేజీ మొత్తం దానికే. క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్ళు కోపగించుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కదండీ. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అని ఎందుకంటారు? — ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: గోబీ మంచూరియాలో మంచూరియా ఎంతుందో ఇందులో ఫుట్ కూడా అంతే ఉంది, వదిలేయండి. మీకు కావలసింది ఇది: లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, జట్లు 32, సెప్టెంబర్ నుంచి జనవరి మొదటి వారం దాకా ఒక్కో జట్టుకి 17 మ్యాచ్‌లు, ఆ తర్వాత ప్లేఆఫ్స్, ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే ఫైనల్. అక్కడి నుంచి మళ్ళీ సెప్టెంబర్ దాకా లెక్కకొచ్చే మ్యాచ్ ఒక్కటీ ఉండదు. దాన్నే ఆఫ్‌సీజన్ అంటారు. తమాషా ఏమిటంటే ఆట లేని ఈ ఆరేడు నెలల్లో కూడా టీవీలో వీళ్ళ గోల ఆగదు.

ప్రశ్న: మన ఐపీఎల్‌లో కూడా ట్రేడ్ ఉంది కదా, హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్ళినట్టు. దానికీ దీనికీ తేడా ఏమైనా ఉందా? — ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: పేరు ఒకటే, బేరం వేరు. 2023 నవంబర్‌లో హార్దిక్‌ని ముంబై డబ్బు పెట్టి తెచ్చుకుంది. పైగా ఐపీఎల్‌లో ఆటగాడు సరేనంటేనే ట్రేడ్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాడిని అడిగేవాడు లేడు. ఒప్పందంలో 'నన్ను అడగకుండా అమ్మకూడదు' అనే షరతు ముందే రాయించుకున్న పెద్ద స్టార్లు కొద్దిమంది తప్ప, మిగతావాళ్ళు పొద్దున లేచి ఫోన్ చూసుకుని 'ఓహో, మనం ఇవాళ్టి నుంచి వేరే రాష్ట్రంలో ఉంటామన్నమాట' అని తెలుసుకున్న సందర్భాలు బోలెడు. పిల్లల బడి, ఇంటి అద్దె, భార్య ఉద్యోగం, ఎవరికీ పట్టవు.

రెండో తేడా ఇంకా పెద్దది. ఇక్కడ బేరంలో చేతులు మారేది డబ్బు కాదు, డ్రాఫ్ట్ పిక్కులు, అంటే కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే వంతులు. ఏటా ఏప్రిల్ చివర్లో కాలేజీ కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి, ఏడు రౌండ్లు. పోయిన ఏడాది అందరికంటే చెత్తగా ఆడినవాళ్ళది మొదటి వంతు, గెలిచినవాళ్ళది ఆఖరి వంతు. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడికి నాలుగేళ్ళ పాటు జీతం దాదాపు ముందే ఖాయం, పెద్ద స్టార్ల జీతంతో పోలిస్తే చవక. అందుకే మొదటి రౌండ్ పిక్ అంటే జట్ల యాజమాన్యాలకి ప్రాణం. మీరు స్టార్‌ని ఇస్తే, నేను వచ్చే ఏడాది, ఆపై ఏడాది నా వంతులు మీకు రాసిస్తాను. ఆ వంతులో ఎవడొస్తాడో, వాడు ఇప్పుడు ఏ కాలేజీలో ఉన్నాడో, అసలు ఇంటర్ పాసయ్యాడో లేదో ఎవరికీ తెలీదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు బేరాలు నడుస్తాయి. కానీ ఆ సోమలింగాల కోసమే ఏళ్ళ తరబడి ఓడిపోతూ కూర్చునే జట్లు కూడా ఉన్నాయి.

ప్రశ్న: మేము ఉండేది ఫ్రిస్కోలో, డల్లాస్ కౌబాయ్స్ జట్టు హెడ్డాఫీసుకి పది నిమిషాలు. మావాడు మైకా పార్సన్స్ వెళ్ళిపోయాడని రెండు రోజులు అన్నం తినలేదు. అంత మంచి ఆటగాణ్ణి ఎవరైనా ఎందుకు వదులుకుంటారు? — ఒక తల్లి, ఫ్రిస్కో

జవాబు: మీ వాడి తప్పేం లేదమ్మా, డల్లాస్‌లో పెద్దవాళ్ళు కూడా తినలేదు. పార్సన్స్ మీద కేసూ లేదు, గొడవా లేదు, ఉన్నదల్లా జీతం పంచాయితీ. ఓనర్ జెర్రీ జోన్స్ నేరుగా కుర్రాడితో కూర్చుని మాట్లాడేసి, ఇంక బేరం అయిపోయింది అన్నాడు. కుర్రాడేమో నా ఏజెంట్‌తో మాట్లాడండి అన్నాడు. వేసవంతా అలాగే సాగి సాగి, 2025 ఆగస్టు 28న, సీజన్ మొదలవడానికి సరిగ్గా వారం ముందు, గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది రెండు మొదటి రౌండ్ పిక్కులు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు. గ్రీన్ బే వాళ్ళు నాలుగేళ్ళకి 18.8 కోట్ల డాలర్లు రాసిచ్చారు. నెల తిరగ్గానే పార్సన్స్ కొత్త జట్టుతో డల్లాస్‌కి ఆడటానికొచ్చాడు, స్టేడియం కిటకిటలాడింది, మ్యాచ్ ఏమైంది? 40-40 టై. ఎవరు లాభపడ్డారో తేల్చుకుందామని కూర్చున్న జనం మొహాలు చూడాలి. డిసెంబర్‌లో ఆయన మోకాలికి దెబ్బ తగిలింది, ఆ లెక్క ఇంకా తేలలేదు. మీ వాడికి ఈసారి ఏ ఆటగాడి పేరూ లేని చొక్కా కొనివ్వండి.

ప్రశ్న: శాలరీ క్యాప్ అంటారు, మళ్ళీ డెడ్ మనీ అంటారు. చచ్చిన డబ్బు ఏమిటండీ? నేను ఆడిటర్‌ని, నాకే అర్థం కాలేదు. — ఒక ఆడిటర్, హైదరాబాద్

జవాబు: మీకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది చూడండి. ఒక జట్టు ఏడాదిలో ఆటగాళ్ళ మీద చూపించగల ఖర్చుకి లీగ్ ఒక గీత గీస్తుంది, అదే శాలరీ క్యాప్. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు, మన లెక్కలో సుమారు 2,400 కోట్ల రూపాయలు (ఐపీఎల్‌లో ఆ ఏడాది ఒక జట్టు పర్సు 120 కోట్లు). 'చూపించగల' అన్నాను, గమనించారా? ఆడిటర్ కదా. సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్ ఆటగాడి బ్యాంకులో వెంటనే పడుతుంది, జట్టు పుస్తకాల్లో మాత్రం ఐదేళ్ళకి పంచి రాసుకుంటారు. మీరు మీ క్లయింట్లకి చేసేదే. ఇప్పుడు రెండేళ్ళకే వాణ్ణి తీసేశారనుకోండి, మిగిలిన మూడేళ్ళ వాటా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. మనిషి లేడు, ఖర్చు ఉంది. అదీ డెడ్ మనీ.

రసెల్ విల్సన్ అనే స్టార్ ఆటగాడి సంగతి వినండి. 2022 మార్చిలో డెన్వర్ వాళ్ళు సియాటిల్‌కి రెండు మొదటి రౌండ్ పిక్కులు, రెండు రెండో రౌండ్ పిక్కులు, ఒక ఐదో రౌండ్ పిక్, పైన ముగ్గురు ఆటగాళ్ళని ఇచ్చి ఆయన్ని తెచ్చుకున్నారు. తెచ్చుకుని ఒక్క మ్యాచ్ ఆడకముందే 24.5 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం రాశారు. రెండు సీజన్లు చూశారు, 2024 మార్చిలో సాగనంపేశారు. డెడ్ మనీ 8.5 కోట్ల డాలర్లు, రెండేళ్ళకి పంచుకున్నారు. ఆ ఏడాది ఆయన పిట్స్‌బర్గ్‌కి ఆడాడు, అక్కడివాళ్ళు ఇచ్చింది 12.1 లక్షల డాలర్లు, మిగతా మూడున్నర కోట్ల పైచిలుకు జీతం కట్టింది డెన్వర్. పక్కింటివాడి పొలం దున్నుతున్న ఎద్దుకి మనం దాణా వేసినట్టు.

ప్రశ్న: డెషాన్ వాట్సన్ ట్రేడ్ గురించి మీ అభిప్రాయం సూటిగా చెప్పండి. గోడమీద పిల్లి జవాబు వద్దు. — ఒక పాత టెక్సన్స్ అభిమాని, హ్యూస్టన్

జవాబు: సూటిగానే చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

2021 మార్చి నుంచి ఇరవై మందికి పైగా మహిళలు, ఎక్కువమంది మసాజ్ థెరపిస్టులు, అప్పటి హ్యూస్టన్ టెక్సన్స్ స్టార్ ఆటగాడు వాట్సన్ తమతో అసభ్యంగా ప్రవర్తించాడని సివిల్ దావాలు వేశారు. ఆయన మొదటి నుంచీ నేనే తప్పూ చేయలేదు అనే అంటున్నాడు. ఆ ఏడాదంతా హ్యూస్టన్ జట్టు ఆయన్ని ఆడించలేదు, జీతమిచ్చి కూర్చోబెట్టింది. 2022 మార్చి 11న హారిస్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) క్రిమినల్ కేసు పెట్టేందుకు నిరాకరించింది. సరిగ్గా వారానికి, మార్చి 18న, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆయన్ని తీసేసుకుంది. ఆ వారంలో ఏమైందన్నదే అసలు కథ. సివిల్ దావాలు అలాగే ఉన్నాయి, పక్క కౌంటీలో ఇంకో గ్రాండ్ జ్యూరీ ఇంకా తేల్చలేదు (ట్రేడ్ అయ్యాక వాళ్ళూ కేసు వద్దన్నారు), లీగ్ శిక్ష ఎంతుంటుందో ఎవరికీ తెలీదు. అయినా నాలుగు జట్లు క్యూలో నిలబడ్డాయి. వాట్సన్ ఒప్పందంలో నేను పైన చెప్పిన షరతు ఉంది, ఎక్కడికి వెళ్ళాలో తనే ఎంచుకోవచ్చు. ముందు రోజు క్లీవ్‌లాండ్‌కి రానన్నాడు. మర్నాడు క్లీవ్‌లాండ్ వాళ్ళు ఐదేళ్ళకి 23 కోట్ల డాలర్లు, ప్రతి డాలరూ గ్యారంటీ అన్నారు. వస్తానన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసు లంచ్ రూమ్‌లో క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఫోన్ చూసి, చేతిలో ఉన్న శాండ్‌విచ్ ప్లేటులో పెట్టేసి, మళ్ళీ కాగితంలో చుట్టేసి, లేచి వెళ్ళిపోయాడు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. నాకు ఆ ట్రేడ్ అంటే ఆ శాండ్‌విచ్చే గుర్తొస్తుంది.

ఇక ఒప్పందంలో పనితనం చూడండి. లీగ్ సస్పెండ్ చేస్తే ఆ వారాల జీతం పోతుంది. వాట్సన్‌కి ఏడాదికి సగటున 4.6 కోట్ల డాలర్లు. కానీ మొదటి ఏడాది జీతం అని రాసింది 10.35 లక్షలు మాత్రమే, మిగతాది బోనస్ కింద. ఆగస్టులో సస్పెన్షన్ వచ్చింది: మాజీ ఫెడరల్ జడ్జి సూ రాబిన్సన్ ముందు ఆరు మ్యాచ్‌లన్నారు, లీగ్ ఒప్పుకోలేదు, చివరికి రాజీలో 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానా. ఆ 11 వారాలకి పోయిన జీతం ఆరు లక్షల చిల్లర. ఆ 4.6 కోట్లూ జీతంగా రాసి ఉంటే 2.8 కోట్లు పోయేది. ఇంతకంటే సూటిగా నేనేం చెప్పను? సస్పెన్షన్ వస్తుందని తెలిసి, వస్తే నష్టం తగలకుండా ముందే గొడుగు పట్టారు. ఇది ఆటగాడి తప్పు కంటే జట్టు తప్పు అంటాను నేను. కోర్టు తేల్చాల్సింది కోర్టు తేలుస్తుంది, గొడుగు పట్టింది మాత్రం జట్టే.

మిగతా కథ మీకు తెలుసు. మూడు మొదటి రౌండ్ పిక్కులతో కలిపి మొత్తం ఆరు పిక్కులు హ్యూస్టన్‌కి వచ్చాయి. వాట్సన్ మూడు సీజన్లలో ఆడింది 6, 6, 7, అంటే 19 మ్యాచ్‌లు. 2024 అక్టోబర్‌లో మడమ దగ్గర అకిలీస్ తెగింది, 2025 సీజన్ మొత్తం ఆడలేదు. మీవాళ్ళేమో వచ్చిన పిక్కుల్లో ఒకదాన్ని వాడి విల్ ఆండర్సన్‌ని తెచ్చుకున్నారు, సొంత వంతులో సి.జె. స్ట్రౌడ్‌ని తీసుకున్నారు, 2024 జనవరిలో మీ ఊళ్ళోనే ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్‌ని 45-14తో కొట్టారు. ఆ రోజు వాట్సన్ భుజం ఆపరేషన్ అయి ఆటకి దూరంగా ఉన్నాడు.

ప్రశ్న: మా అబ్బాయి చిన్నప్పుడు అడిగి అడిగి కొనిపించుకున్న 4 నంబర్ వాట్సన్ జెర్సీ ఇంకా బీరువాలో ఉంది. పారేయాలా? వాడు 'ఎందుకు పారేయాలి' అంటే ఏం చెప్పను? — ఒక పాఠకురాలు, షుగర్ ల్యాండ్

జవాబు: 2013 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆటగాడు ఆరన్ హెర్నాండెజ్‌ని హత్య కేసులో అరెస్టు చేశారు. బేడీలు వేసి తీసుకెళ్ళిన గంటన్నరకే జట్టు ఆయన్ని తీసేసింది, కోర్టు మాట అటుంచి ఛార్జీలు చదివేదాకా కూడా ఆగలేదు. ఆ తర్వాత జులైలో ఒక శని, ఆదివారాలు స్టేడియం షాపులో ఆయన జెర్సీ తెచ్చిస్తే వేరే ఆటగాడిది ఉచితంగా ఇచ్చారు. వేసవి ఎండలో జనం చేతిలో మడతపెట్టిన 81 నంబర్ జెర్సీలతో లైన్ కట్టారు. రెండున్నర వేల దాకా వెనక్కి వచ్చాయి.

మీ దగ్గర అలాంటి షాపు లేదు కాబట్టి ఇంట్లోనే తేల్చుకోవాలి. బాబుకి ఇప్పుడు ఎన్నేళ్ళో రాయలేదు. పన్నెండు దాటితే ఉన్నదున్నట్టు చెప్పండి: ఇంతమంది ఆడవాళ్ళు ఈ మాట అన్నారు, ఆయన కాదన్నాడు, క్రిమినల్ కేసు పెట్టలేదు, ఎక్కువ దావాలు రాజీ అయ్యాయి, ఇప్పుడు నువ్వేమనుకుంటున్నావో చెప్పు అని. పిల్లలు మనకంటే బాగా ఆలోచిస్తారు. వాడు ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి. కారు తుడవడానికి ఆ గుడ్డ పనికిరాదు, నీళ్ళు పీల్చదు, నేను చూశాను.

ప్రశ్న: కోర్టు నిర్దోషి అన్నా, అసలు కేసే లేకపోయినా లీగ్ శిక్ష వేయడమేమిటి? రెండు కోర్టులున్నట్టు! ఇది న్యాయమేనా? — ఒక న్యాయవాది, వరంగల్

జవాబు: వకీలుగారూ, కోర్టు కాదు, హెచ్.ఆర్. అనుకోండి. లీగ్‌కి వ్యక్తిగత ప్రవర్తన నియమావళి అని ఒకటుంది. 'సందేహానికి తావులేకుండా' రుజువవక్కర్లేదు, నమ్మదగిన ఆధారముంటే చాలు. 2017లో కౌబాయ్స్ ఆటగాడు ఎజీకీల్ ఎలియట్ మీద ఓహైయోలో కేసే పెట్టలేదు, ఆయనా ఆరోపణ కాదన్నాడు, అయినా లీగ్ ఆరు మ్యాచ్‌లు ఆపేసింది. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఆ ఆరు మ్యాచ్‌లూ కూర్చున్నాడు. ఆటగాళ్ళ యూనియన్‌తో లీగ్ చేసుకున్న ఒప్పందంలో శిక్షించే అధికారం కమిషనర్‌కి, అంటే లీగ్ అధిపతికి, రాసిచ్చారు, కోర్టులు ఆ కాగితం చూసి మనకెందుకులే అంటున్నాయి. 2020 ఒప్పందం తర్వాత మొదట తీర్పు చెప్పేది ఇద్దరూ కలిసి పెట్టుకున్న అధికారి, కానీ అప్పీలు మళ్ళీ కమిషనర్ దగ్గరికో, ఆయన చెప్పినవాళ్ళ దగ్గరికో పోతుంది. మీ కోర్టులో ఇది నడుస్తుందా? నడవదు.

కేసు తేలేదాకా ఏం చేయాలో తోచకపోతే 'కమిషనర్ ఎగ్జెంప్ట్ లిస్ట్'లో పెడతారు: జీతం వస్తుంది, ఆట ఉండదు. మన ప్రభుత్వోద్యోగుల సస్పెన్షన్‌కి దగ్గరి చుట్టం, కాకపోతే పూర్తి జీతం.

న్యాయమేనా అన్నారు. నాకు బాధ శిక్ష ఉండటం కాదు, శిక్ష కొలత. బాల్టిమోర్ రావెన్స్ ఆటగాడు రే రైస్ 2014 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీ క్యాసినో లిఫ్టులో తన కాబోయే భార్యని కొట్టాడు. స్పృహ తప్పిన ఆమెని లిఫ్టులోంచి ఈడ్చుకొస్తున్న వీడియో అప్పుడే బయటికొచ్చింది. జులైలో లీగ్ వేసిన శిక్ష రెండు మ్యాచ్‌లు. సెప్టెంబర్ 8న లిఫ్టు లోపలి వీడియో వచ్చింది, కొట్టడం కనబడింది. అదే రోజు జట్టు తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. అంటే జరిగింది మారలేదు, కెమెరా మారింది. ఒకే తప్పుకి రెండు శిక్షలేమిటని నవంబర్‌లో మధ్యవర్తి, ఆవిడా మాజీ జడ్జే, ఆ సస్పెన్షన్ కొట్టేశారు. కానీ ఏ జట్టూ పిలవలేదు. సిగ్గుపడి పిలవలేదని చాలామంది రాశారు. నేను నమ్మను. ముందు సీజన్లో ఆయన పరిగెత్తిన సగటు ఒక్కోసారికి 3.1 గజాలు, అంటే ఆట అప్పటికే తగ్గింది. ఐదు గజాలు పరిగెత్తేవాడైతే ఎవరో ఒకరు 'రెండో అవకాశం' అంటూ ప్రెస్‌మీట్ పెట్టేవాళ్ళు. పాలిచ్చే గేదె తన్నినా ఓర్చుకోవాలంటారు కదా, ఈ వ్యాపారంలో పాలు పితకడం అయ్యాకే తన్నులు లెక్కపెడతారు.

ప్రశ్న: యూటీ డల్లాస్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మాకు స్పీడింగ్ టికెట్ వస్తేనే వీసా పోతుందేమోనని టెన్షన్. రషీ రైస్‌కి 30 రోజుల జైలేనా? — ఒక విద్యార్థి, రిచర్డ్‌సన్

జవాబు: మీ టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. 2025 వసంతంలో చిన్నాచితకా ట్రాఫిక్ కేసులున్నవాళ్ళ స్టూడెంట్ రికార్డులు కూడా రాత్రికి రాత్రి రద్దయ్యాయి, కోర్టులకెళ్ళాక ప్రభుత్వం ఏప్రిల్ చివర్లో వెనక్కి తగ్గింది. ఆ నెలలో మన పిల్లలు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు, నా దగ్గరికే నలుగురు వచ్చారు.

ఇక రషీ రైస్ సంగతి (పైన చెప్పిన రే రైస్ వేరు). 2024 మార్చి 30, శనివారం సాయంత్రం. మీరు రోజూ వెళ్ళే 75 హైవే మీదే, ఎస్‌ఎంయూ కాలేజీ దాటాక. రైస్ చదివింది ఆ కాలేజీలోనే. నెలన్నర కిందటే కాన్సస్ సిటీ జట్టు తరఫున సూపర్ బౌల్ గెలిచొచ్చాడు. లాంబోర్గిని ఉరుస్ నడుపుతూ, పక్కన ఇంకో స్పోర్ట్స్ కారు, గంటకి 119 మైళ్ళు, అంటే 190 కిలోమీటర్ల పైనే. ఆరు బండ్లు గుద్దుకున్నాయి, కొందరికి దెబ్బలు తగిలాయి. లాంబోర్గినిలోంచి దిగినవాళ్ళు దెబ్బలు తగిలినవాళ్ళ వైపు చూడకుండా రోడ్డు పక్కనుంచి నడిచి వెళ్ళిపోయారు, అది ఎవరో కారు కెమెరాలో ఉంది. గుద్దడం కంటే నాకు ఆ నడకే మింగుడుపడలేదు. 2025 జులైలో నేరం ఒప్పుకున్నాడు: ఐదేళ్ళ ప్రొబేషన్ (కోర్టు నిఘాలో ఉండటం), 30 రోజుల జైలు, బాధితుల వైద్యం ఖర్చులకి 1.15 లక్షల డాలర్లు. లీగ్ ఆరు మ్యాచ్‌లు ఆపింది. ఏడో వారానికి మైదానంలో ఉన్నాడు.

30 రోజులు తక్కువా అంటే, మొదటిసారి నేరం, మంచి లాయరు, ఎవరూ చనిపోలేదు, ఒప్పుకున్నాడు. ఇవన్నీ ఉంటే మామూలు మనిషికి కూడా టెక్సాస్‌లో ప్రొబేషన్ దొరకొచ్చు. కానీ మామూలు మనిషికి ఉద్యోగం ఉండదు. మీరు మాత్రం 70లో వెళ్ళండి బాబూ, మీకు లాయరు ఫీజు కూడా మీ అమ్మానాన్నలే పంపాలి.

ప్రశ్న: ఆఫ్‌సీజన్‌లోనే కేసులు ఎక్కువ ఎందుకు? — ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: పనిలేని మంగలి సామెత గుర్తుందా? జూన్ మధ్యలో ఆఖరి క్యాంప్ ముగుస్తుంది, జులై చివర్లో ట్రైనింగ్ క్యాంప్ మొదలవుతుంది. మధ్యలో ఐదారు వారాలు ఎవడూ ఎవడి కింద ఉండడు. ఇరవై మూడేళ్ళ వయసు, అకౌంట్లో కోట్లు, కొత్త కారు. మిన్నెసోటా ఆటగాడు జోర్డన్ ఆడిసన్, 2023 జులైలో, తెల్లవారుజామున 3 గంటలకి, 55 మైళ్ళ రోడ్డు మీద 140 మైళ్ళ వేగంతో దొరికాడు. ఎందుకంత తొందర అంటే, ఇంట్లో కుక్కకి ఎమర్జెన్సీ అన్నాడట పోలీసుతో. అప్పటికింకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వయసు అమెరికన్ మగవాళ్ళందరితో పోల్చి చూసినవాళ్ళు, మొత్తం మీద ఫుట్‌బాల్ ఆటగాళ్ళ అరెస్టులు తక్కువే అని తేల్చారు. వాళ్ళ పేరు పేపర్లో పడుతుంది, పక్కింటివాడిది పడదు, అంతే తేడా. కాకపోతే అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది, మిగతా నేరాలు బాగా తక్కువగా ఉన్నా గృహహింస మాత్రం అంత తక్కువగా లేదు. ఇంత డబ్బున్నవాళ్ళలో అది ఇంకా తగ్గాలి కదా, తగ్గలేదు.

ప్రశ్న: బెట్టింగ్ పెడితే ఏం చేస్తారు? — ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చంపేసినంత పని చేస్తారు. అట్లాంటా ఆటగాడు కాల్విన్ రిడ్లీ మానసికంగా బాగాలేక ఆటకి దూరంగా ఉన్న రోజుల్లో, 2021లో, ఫోన్లో మొత్తం 1,500 డాలర్ల పందేలు కాశాడు, అందులో తన జట్టు గెలుస్తుందని కాసినవీ ఉన్నాయి. 2022 సీజన్ మొత్తం పోయింది, 1.11 కోట్ల డాలర్ల జీతం పోయింది. అదే ఏడాది వాట్సన్‌కి 11 మ్యాచ్‌లు. పక్కపక్కన పెట్టి చూసుకోండి, లీగ్‌కి ఏది తగిలితే నొప్పో తెలుస్తుంది. ఇంకా తమాషా, రిడ్లీ సస్పెన్షన్లో ఉండగానే, 2022 నవంబర్ 1న, జాక్సన్‌విల్ వాళ్ళు ట్రేడ్ చేసి తీసుకున్నారు. వాడు ఆడితే ఇంత, బాగా ఆడితే ఇంకొంత అని షరతులు పెట్టి. కేసులో ఉన్న భూమిని సగం ధరకి రాయించుకునేవాళ్ళు మన ఊళ్ళో లేరూ? తిరిగొచ్చి 2023లో 1,016 గజాలు సాధించాడు, మరుసటి మార్చిలో టెనెసీ 9.2 కోట్ల డాలర్లిచ్చి పట్టుకుపోయింది.

ప్రశ్న: ఆటగాళ్ళకేనా, ఓనర్లకి శిక్షలుండవా? — ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అప్పుడప్పుడూ. ఇండియానాపొలిస్ అప్పటి ఓనర్ జిమ్ అర్సే 2014 మార్చిలో మత్తులో కారు నడుపుతూ దొరికితే ఆరు మ్యాచ్‌లు, 5 లక్షల డాలర్లు. 2022లో మయామీ ఓనర్ స్టీఫెన్ రాస్ వేరే జట్టులో ఉన్న టామ్ బ్రేడీతో దొంగచాటుగా బేరాలాడినందుకు 15 లక్షల డాలర్ల జరిమానా, పైగా జట్టుకి ఒక మొదటి రౌండ్ పిక్ పోయింది. పిక్ పోవడమే అసలు దెబ్బ, 15 లక్షలంటే ఆయనకి మనం ఆటోకిచ్చే చిల్లర.

ప్రశ్న: కుక్కల్ని హింసించినవాణ్ణి మళ్ళీ ఎలా ఆడనిచ్చారు? మైకేల్ విక్ గురించి ఈమధ్యే చదివాను. నాకింకా కోపంగానే ఉంది. — ఒక జంతుప్రేమికురాలు, తిరుపతి

జవాబు: కోపం ఉండాలి. 2007లో వర్జీనియాలో ఆయన ఇంటి వెనక యాభైకి పైగా పిట్‌బుల్ కుక్కలు దొరికాయి, కుక్కల పందేలు నడిపాడు, సరిగా పోరాడని కుక్కల్ని చంపారు. అప్పటికి ఆయన అట్లాంటా జట్టుకి ప్రాణం, జీతంలో లీగ్‌లోనే ముందువరసలో ఉన్నవాడు. నేరం ఒప్పుకున్నాడు, 23 నెలల శిక్ష పడింది, జైల్లో ఉండగానే దివాలా తీశాడు. 2009లో బయటికొచ్చాక ఫిలడెల్ఫియా తీసుకుంది. అక్కడ గేటు ముందు జనం కుక్కలతో సహా ధర్నా చేశారు. 2010లో బాగా ఆడి 'కమ్‌బ్యాక్' అవార్డు కొట్టాడు, ధర్నాలు పలచబడ్డాయి.

ఈ పేజీలో వచ్చిన పేర్లలో విక్ ఒక్కడే పెద్ద శిక్ష అనుభవించి తిరిగొచ్చినవాడు, అది మర్చిపోకండి. అప్పులవాళ్ళకి సంపాదించి కట్టాడు, కుక్కల హింస తప్పని బళ్ళకెళ్ళి పిల్లలకి చెప్పాడు. మనసు మారిందో లాయరు చెప్పాడో నాకెలా తెలుస్తుంది? నాకైతే జైలుకెళ్ళొచ్చినవాణ్ణి పనిలో పెట్టుకోవడం తప్పుగా అనిపించదు, జైలు దాకా వెళ్ళకుండానే జీతం పెంచి పెట్టుకోవడమే తప్పనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోతే ఇంకో మెయిల్ రాయండి, వేస్తాను.

ప్రశ్న: పదేళ్ళుగా క్లీవ్‌లాండ్‌లో ఉంటున్నాం, మా ఆయన బ్రౌన్స్ అభిమాని అయిపోయారు. ఆదివారం సాయంత్రం ఇంట్లో మాట్లాడటానికి భయం. ఈ వాట్సన్ భారం ఎప్పుడు దిగుతుంది? — ఒక పాఠకురాలు, స్ట్రాంగ్స్‌విల్

జవాబు: ఒప్పందం 2026 సీజన్ దాకా ఉందమ్మా. కానీ పైన ఆడిటర్ గారికి చెప్పాను చూడండి, పంచి రాసుకోవడం అని. మీవాళ్ళు ప్రతి ఏడాదీ ఆయన జీతాన్ని బోనస్‌గా మార్చి ముందుకి తోశారు, ఆయన ఒప్పందంలో లేని ఏళ్ళ మీదికి కూడా. కాబట్టి ఆయన ఊరొదిలి వెళ్ళాక కూడా 2027 పుస్తకాల్లో ఆయన పేరు కనబడుతుంది. మీ వారికి ఈ చివరి వాక్యం చదివి వినిపించకండి.